సిమ్ తీసి చూస్తేనే తెలుస్తది: మీ ఫోన్‌లో అసలు జీపీఎస్ ఉన్నదా?

“బావా, నీ ట్యాబ్ నన్ను ఇంకా నీ దుకాణంలనే కూసోబెట్టింది.”

పోయినేడు సలేశ్వరం జాతరకు పోయిన మా బామ్మర్ది, మర్లి వచ్చేటప్పుడు మన్ననూరు కాడ సిగ్నల్ దొరకంగనే ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. నాకు అచ్చంపేటలో మొబైల్ రిపేర్ దుకాణం ఉన్నది. పద్దెనిమిదేండ్ల సంది ఫోన్లు విప్పుడు, బిగించుడే పని. అయినా ఆ రోజు బొక్కబోర్ల పడ్డ.

జరిగింది చిన్నదే. మా బామ్మర్ది, వాని దోస్తులు కలిసి చైత్ర పున్నమికి నల్లమలలోకి బయలుదేరిండ్రు. లోపల టవర్ ఉండదు, పెద్ద తెర మీద తొవ్వ కనపడాలె, ఏమన్న ఇయ్యి బావా అన్నడు. దుకాణంలో ఒక ట్యాబ్ ఉండె. సిమ్ పెట్టే జాగ లేనిది, వైఫై మీదనే నడిచేది. అడవి మ్యాప్ మొత్తం దాంట్లోకి దించి, తెరిచి చూపించిన. నీలం చుక్క వచ్చి సీదా మా దుకాణం మీద కూసున్నది. “చూసినవా, గురి తప్పలే” అని చేతిలో పెట్టిన.

బండ్లు ఆగినకాడ దిగి, నడక మొదలుపెట్టినంక తీసి చూస్తే మ్యాప్ మంచిగనే ఉన్నదట. లోయ ఉన్నది, వాగు ఉన్నది, కాలిబాట కూడ ఉన్నది. చుక్క మాత్రం అచ్చంపేట మెయిన్ రోడ్డు మీదనే ఉన్నది. గంట నడిచినా అక్కడనే, రెండు గంటలు నడిచినా అక్కడనే. వాళ్లు తప్పిపోలేదు. జాతర రోజుల్లో ముందల నడిచే జనమే తొవ్వ. కానీ ఆ ముచ్చట ఇప్పటికి మూడు పెండ్లిళ్లలో, ఒక దావత్‌లో చెప్పిండు. నేను పక్కనుండంగనే.

ఆ ట్యాబ్‌లో ఉపగ్రహాల సిగ్నల్ పట్టే చిప్పే లేదు. మరి చుక్క ఎట్ల వచ్చింది? మా దుకాణం వైఫై చూసి వచ్చింది. మీరు కూడ ఇట్ల మోసపోవద్దని, ఫోన్ గాని ట్యాబ్ గాని నెట్ లేకుండ, సిమ్ లేకుండ తన జాగ తాను కనుక్కుంటదో లేదో తేల్చుకునే పద్ధతి రాస్తున్న.

చుక్క ఎక్కడి నుంచి వస్తది

ఫోన్‌కు తానెక్కడున్నదో తెలిసే దారులు మూడు.

ఒకటి సెల్ టవర్. ఏ టవర్ కింద ఉన్నదో చూసుకొని, ఆ చుట్టుపక్కల ఉన్నట్టు లెక్క. పట్నంలో టవర్లు దగ్గర దగ్గర ఉంటయి కాబట్టి కొంత నయం. మా దిక్కు ఒక్కో టవర్ రెండు మూడు ఊర్లకు ఆధారం, అందుకే కిలోమీటర్ల కొద్ది తప్పుతది. మ్యాప్‌లో చుక్క చుట్టూ లేత నీలం గుండ్రం ఊరంత పెద్దగ కనపడితే అది టవర్ చెప్పిన జాగ అనుకోండి.

రెండోది వైఫై. చుట్టూ ఉన్న రౌటర్ల గుర్తు నంబర్లు ఏరుకొని, నెట్‌లో పంపి “ఇవి ఎక్కడివి?” అని అడుగుతది. ఆ నంబర్ల చిట్టా, అంతకుముందు ఆ రోడ్ల మీద తిరిగిన వేరేవాళ్ల ఫోన్లు పోగు చేసి ఇచ్చినదే. బజార్లో ఇది బాగ పనిచేస్తది, ఇంటి నంబర్ దాక పట్టేస్తది. అదే దీంతోని చిక్కు. మా వీధికి ఒక టీచర్ సారు కల్వకుర్తి నుంచి ఇల్లు మారిండు. వస్తూ వస్తూ రౌటర్ కూడ తెచ్చుకున్నడు. ఆయన ఇంట్లో ట్యాబ్ తెరిస్తే నెల రోజుల దాక కల్వకుర్తిలనే ఉన్నట్టు చూపించింది. ఖరాబైందని నా దగ్గరికి తెచ్చిండు. ఖరాబ్ కాలేదు సారూ, మీ రౌటర్ ఇల్లు మారిన సంగతి దానికింక తెల్వదు అన్న.

మూడోది ఉపగ్రహాలు, మనం జీపీఎస్ అనేది ఇదే. అడవిలో, చెలకలో, ఘాట్ రోడ్డు మీద, నాగార్జునసాగర్ నీళ్ల నడిమిట్ల పనికొచ్చేది ఇదొక్కటే. మనకు కావాల్సింది ఫోన్‌లో ఈ మూడో దారి ఉన్నదా లేదా అని. మొదటి రెండు దారులు తెరిచి ఉన్నంతసేపు మూడోది ఉన్నదో లేదో బయటపడది. కాబట్టి వాటిని మూసి చూడాలె. పరీక్ష అంతా ఇంతే, మిగిలింది వివరం.

నెట్ లేకుండ ఎట్ల పనిచేస్తది?

గిరాకీలు ఎక్కువగ అడిగేది ఇదే. “అన్నా, రీచార్జ్ అయిపోయింది, జీపీఎస్ వస్తదా?” వస్తది. జీపీఎస్‌కు రీచార్జ్‌తోని సంబంధం లేదు. ఇంటి కాడ పాత రేడియో పెట్టె యాది చేసుకోండి. ఆకాశవాణి పాట వినాలంటే రేడియో తిరిగి ఏమన్న పంపుతదా? వినుడే దాని పని. ఫోన్‌లో జీపీఎస్ చిప్ కూడ అంతే. ఉపగ్రహాలకు అది ఏమీ పంపది. పైన ఉన్నవాటికి మీరు ఎవరో, ఎక్కడున్నరో ఎరుక లేదు.

అమెరికా వాళ్ల జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతయి. ఒక్కోదాంట్లో అణు గడియారం ఉంటది. “ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఉన్న జాగ ఇది” అని అవి ఎప్పుడూ చెప్తనే ఉంటయి. ఆ మాట కిందికి దిగే వరకు సెకనులో పదిహేనో వంతు పడ్తది. ఎంత ఆలస్యమైందో చూసి ఫోన్ దూరం లెక్క కడ్తది. వెలుగు ఒక నానోసెకండ్‌లో, అంటే సెకండ్‌లో వందకోట్లో వంతులో, 30 సెంటీమీటర్లు పోతది, అంటే లెక్క అంత సన్నంగ ఉంటది. మూడు దూరాలు దొరికితే జాగ తేలాలె గని, మన ఫోన్ గడియారం అంత కరెక్టు కాదు. ఆ తేడా సరిచేసేందుకు నాలుగోది కావాలె. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరకందే చుక్క కుదురుగ నిలబడది.

ఇక్కడ నెట్ చేసే సాయం ఒకటి ఉన్నది. ఉపగ్రహం తన దారి వివరం సెకనుకు 50 బిట్ల చొప్పున, చీమ నడిచినట్టు పంపుతది. ఒక ఉపగ్రహం సొంత వివరం పూర్తిగ వినాలంటే 30 సెకండ్లు. అన్ని ఉపగ్రహాల మోటు లెక్క మొత్తం వినాలంటే పన్నెండున్నర నిమిషాలు. నెట్ ఉంటే ఆ వివరం కంపెనీ సర్వర్ నుంచి ఒక్క దెబ్బకు దించుకుంటది, రెండు మూడు సెకండ్లలో చుక్క వస్తది. దీన్నే ఏ-జీపీఎస్ అంటరు. పెట్టె మీద “ఏ-జీపీఎస్” అని రాసి ఉంటే, నెట్ మీద నడిచే ఉత్తుత్తి జీపీఎస్ అని కొందరు యూట్యూబ్‌లో చెప్తున్నరు. తప్పు. ఆ “ఏ” అంటే సాయం అని. నెట్ సాయం లేకున్నా చిప్ తన పని తాను చేస్తది, జర టైమ్ ఎక్కువ తీసుకుంటది అంతే.

ఆ 30 సెకండ్ల లెక్కను మనసులో పెట్టుకోండి. నడిమిట్ల చెట్టు అడ్డమొచ్చి మాట తెగిందంటే, తెగిన ముక్క మళ్లీ వచ్చేదాక ఆగాలె. బస్సు కిటికీ కాడ కూసొని “రాట్లేదు, రాట్లేదు” అనేటోళ్లకు రాకపోయేది అందుకే. బస్సు రేకు, చెట్లు, మలుపులు, ప్రతి పది సెకండ్లకు మాట తెగుతనే ఉంటది.

కొనేముందు కాయిదం చూసుడు

ఫోన్ పేరు కాదు, మోడల్ నంబర్ పట్టుకోండి. సెట్టింగ్స్‌లో “అబౌట్ ఫోన్”లో ఉంటది. అదే పేరు మీద ఒకటి సిమ్ ఉన్న ట్యాబ్, ఒకటి వైఫై ట్యాబ్ అమ్ముతరు. సిమ్ ఉన్నదాంట్లో జీపీఎస్ ఉంటది, వైఫై దాంట్లో ఉండకపోవచ్చు. ఐప్యాడ్ సంగతి అయితే ఖరాఖండిగ చెప్పొచ్చు: సెల్యులార్ మోడల్‌లో ఉంటది, వైఫై మోడల్‌లో ఉండది. ఐఫోన్‌లో 2007 నాటి మొట్టమొదటి దాంట్లో లేకుండె, 2008లో వచ్చిన 3జీ మోడల్ నుంచి అన్నిట్లో ఉన్నది.

కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో “లొకేషన్” గాని “నావిగేషన్” గాని అన్న వరస చూడండి. జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైడూ, నావిక్ అని పేర్లు ఉంటే చిప్ ఉన్నట్టే. జీపీఎస్ అమెరికాది, గ్లోనాస్ రష్యాది, గెలీలియో యూరప్‌ది, బైడూ చైనాది, నావిక్ మన ఇస్రోది. “లొకేషన్ సపోర్ట్” అని ఊకె రాసి, ఈ పేర్లు ఒక్కటి కూడ లేకపోతే అనుమానపడండి. చవక చేతి గడియారాల మీద “కనెక్టెడ్ జీపీఎస్” అని ఉంటది. అంటే గడియారంలో ఏమీ లేదు, జేబులో ఉన్న ఫోన్‌ది అరువు తెచ్చుకుంటది.

ఫోన్ చేతిలో ఉంటే డివైస్ ఇన్ఫో లాంటి యాప్‌లలో ఫీచర్ల చిట్టా ఉంటది. దాంట్లో “హార్డ్‌వేర్ లొకేషన్ జీపీఎస్” అన్న లైన్ కోసం చూడొచ్చు. అయితే అది ఫోన్ చేసినోడు తన ఫోన్ గురించి తాను రాసుకున్న మాట. పెండ్లి సంబంధంలో పిల్లగాని తరఫువాళ్లు ఇచ్చిన బయోడేటా లాంటిది. ఆకాశం కింద నిలబెట్టి చూసేదాక నేను నమ్మ.

అసలు పరీక్ష

ముందుగాల నెట్ ఉన్నప్పుడే ప్లే స్టోర్ నుంచి జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ దించుకోండి. మ్యాప్ యాప్‌తో పరీక్ష చేయొద్దు, అది పాత చుక్కను చూపించి మురిపిస్తది, మా బామ్మర్దికి చూపించినట్టు.

తర్వాత సెట్టింగ్స్‌లో లొకేషన్‌కు పోయి, లొకేషన్ ఆన్‌లోనే ఉంచి, లొకేషన్ సర్వీసెస్‌లో “గూగుల్ లొకేషన్ యాక్యురసీ” బంద్ చేయండి. అక్కడనే వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని రెండుంటయి, అవి కూడ బంద్. పైన వైఫై గుర్తు ఆర్పేసినంత మాత్రాన స్కానింగ్ ఆగది, చాలామంది పొరపాటు పడేది ఇక్కడనే. బ్యాటరీ సేవర్ ఉంటే తీసేయండి. యాప్ లొకేషన్ అనుమతి అడిగినప్పుడు “ప్రిసైజ్” అన్నదే ఎంచుకోండి, పక్కనున్న “అప్రాక్సిమేట్” ఎంచుకుంటే జాగను కావాలనే మోటుగ చెప్తది.

ఇప్పుడు ఏరోప్లేన్ మోడ్. ఇప్పటి ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్ పెట్టినా జీపీఎస్ వింటనే ఉంటది. అది పంపేది ఏమీ లేదు గద, ఆపే అవసరం లేదు. బాగ పాత ఫోన్లు కొన్నిట్లో మాత్రం అది కూడ బందైతది. అట్లాంటి ఫోన్ అయితే ఏరోప్లేన్ మోడ్ వద్దు, సిమ్ ట్రే గుంజి వైఫై ఆర్పేయండి. నేనైతే రెండూ చేస్త. ఏరోప్లేన్ మోడ్ ఫోన్ కోసం, సిమ్ తీసుడు గిరాకీ కోసం. సిమ్ తీసి కౌంటర్ మీద పెడితే తప్ప మనుషులకు నమ్మకం కుదరది.

బయటికి నడవండి. మేడ మీదికి ఎక్కినా సరే, చెలకలో నిలబడినా సరే. రేకుల షెడ్డు కింద, వేపచెట్టు కింద వద్దు. ఎత్తైన గోడ పక్కన కూడ వద్దు, సిగ్నల్ గోడకు తాకి మర్లి వచ్చి లెక్క తప్పిస్తది. ఫోన్ అరచేతిలో వెల్లకిల పెట్టి, పైభాగాన్ని వేళ్లతో కప్పకుండ పట్టుకొని, కదలకుండ నిలబడండి. సాధారణంగ అర నిమిషం నుంచి రెండు నిమిషాల్లో చుక్క దొరుకుతది. నెలల తరబడి స్విచ్చాఫ్‌లో ఉన్న ఫోన్ అయితే పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలె.

యాప్ తెరిస్తే ఒక పట్టిక వస్తది. ఒక్కో వరస ఒక్కో ఉపగ్రహం. మొదట దాని నంబర్, పక్కన దేశం జెండా. తర్వాత తరంగం పేరు, ఎల్1 అనో ఎల్5 అనో. దాని పక్కనున్న అంకె సిగ్నల్ బలం. ఆ అంకెనే మనం చూడాల్సింది. 35 నుంచి 45 మధ్య ఉంటే మస్తు. 25 కాడ ఆడుతుంటే చెట్టు కిందనో, కిటికీ కాడనో ఉన్నట్టు. 15, 18 అంటే మాట వినపడీ వినపడనట్టు. ఆ తర్వాత మూడు అక్షరాల గడి ఉంటది: ఏ, ఈ, యూ. “ఏ” వస్తే ఆ ఉపగ్రహం మోటు లెక్క ఉన్నదని, “ఈ” వస్తే సన్నపు లెక్క అందిందని, “యూ” వస్తే చుక్క పెట్టేందుకు దాన్ని వాడుకున్నదని అర్థం. మొదట వరసలు ఖాళీగ ఉండి, ఒక్కొక్క అంకె లేచుడు, దాని వెంట “ఈ” పడుడు, ఆఖరుకు నాలుగైదు వరసల్లో ఒక్కసారే “యూ” వచ్చుడు చూస్తుంటే, పొద్దుమీకి చుక్కలు పొడిచినట్టే ఉంటది. ఇన్నేండ్లైనా నాకు ఇది చూసుడు విసుగు రాదు.

పైన “టీటీఎఫ్ఎఫ్” అని ఒక అంకె వస్తది. మొదటి చుక్కకు ఎన్ని సెకండ్లు పట్టిందో అది. మొన్న ఒక ఐదేండ్ల నాటి ఫోన్ మా మేడ మీద పెడితే 41 సెకండ్లు పట్టింది, 26 ఉపగ్రహాలు కనపడినయి, 15 వాడుకున్నది. దానికేం రోగం లేదని రాసి ఇచ్చేసిన.

అక్షాంశ రేఖాంశాలు కూడ సరిచూసుకోండి. మా దక్షిణ తెలంగాణ దిక్కు మొదటి అంకె ఎక్కువగ 16తో గాని 17తో గాని మొదలైతది, రెండోది 77 నుంచి 80 లోపు. నల్లగొండ టౌన్ 17.05, 79.27 కాడ ఉంటది. మహబూబ్‌నగర్ 16.74, 77.99 కాడ. అలంపురం దాక పోతే మొదటిది 15లోకి దిగుతది. మీ అంకెలు వీటికి ఆమడ దూరం ఉంటే లొకేషన్ మార్చే దొంగ యాప్ ఏదో లోపల ఉన్నది. డెవలపర్ ఆప్షన్లలో “మాక్ లొకేషన్ యాప్” అన్న దగ్గర ఏం పేరున్నదో చూడండి. ఇంట్ల పండుకొని డ్యూటీల ఉన్నట్టు హాజరు వేసేందుకు పెట్టుకున్నోళ్లు నాకు తెలుసు, పేర్లు చెప్ప.

ఫలితం ఇట్ల చదువుకోవాలె. పదిహేను నిమిషాలు నిలబడినా పట్టికలో ఒక్క వరస కూడ రాలేదు, ఫీచర్ల చిట్టాలో కూడ ఆ లైన్ లేదు, అంటే చిప్ లేదు, ఏ యాప్ వేసినా రాదు. వరసలు ఉన్నయి గని బలం గడి ఖాళీ, లేకపోతే అన్నీ 20 లోపే, అంటే చిప్ ఉన్నది, చెవి మూసుకపోయింది, రిపేర్ పని. అంకెలు బాగున్నయి, చుక్క కూడ వచ్చింది, అంటే ఫోన్ నెట్ మీద ఆధారపడకుండ పనిచేస్తది.

ఐఫోన్‌లో ఇట్లాంటి పట్టిక చూపించే యాప్ ఉండది. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఆర్పి, బయట నిలబడి కంపాస్ యాప్ తెరిస్తే కింద అక్షాంశ రేఖాంశాలు వస్తయి. నూరు అడుగులు నడిస్తే చివరి అంకెలు మారాలె. చాలు.

రహస్య నంబర్లు కొడితే కూడ కొన్ని ఫోన్లలో పరీక్ష తెరుచుకుంటది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో డయలర్‌లో *#*#6484#*#* కొడితే హార్డ్‌వేర్ పరీక్షల చిట్టా వస్తది, మీడియాటెక్ చిప్ ఉన్న కొన్ని ఫోన్లలో *#*#3646633#*#* కొడితే ఇంజినీర్ మోడ్‌లో “వైజీపీఎస్” అనే జీపీఎస్ పరీక్ష దొరుకుతది. అన్నిట్లో తెరుచుకోవు. తెలియని ఆప్షన్లు అందులో ముట్టుకోవద్దు, సిగ్నల్ పోయిందని మళ్ల నా దగ్గరికే వస్తరు.

చిప్ ఉండి కూడ పనిచేయకపోతే

ఇది నా పని కాబట్టి జర ఎక్కువ చెప్త.

చౌటపల్లి దిక్కు నుంచి ఉపాధి హామీ మేట్ ఒకామె వచ్చింది. పని కాడ హాజరు ఫొటో తీస్తే లొకేషన్ వస్తలేదు, కూలీలు ఎండల నిలబడి తిడుతున్నరు అని బాధ. ఆరు నెలల కింద వేరే ఊర్లో వెనక ప్యానెల్ మార్పించిందట, అప్పటి సంది ఇదే కత. మేడ మీద పెట్టి చూస్తే వరసలు ఇరవై దాక ఉన్నయి, బలం మాత్రం 16, 18, 19.

హీట్ గన్‌తో వెనక అద్దం లేపి చూసిన. ఫోన్ పైమూలకు, కెమెరా పక్కన, ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద సన్నని బంగారు రంగు పట్టీ ఉంటది. అదే జీపీఎస్ యాంటెనా, ఫోన్ చెవి. ఆ పట్టీని బోర్డుతో కలిపేది బియ్యపుగింజలో సగం ఉండే ఒక స్ప్రింగ్ ముక్క. ఫ్రేమ్ బిగించినప్పుడు ఆ స్ప్రింగ్ పట్టీకి ఒత్తుకోవాలె. ఈ ఫోన్‌లో అంతకుముందు విప్పినోడు దాన్ని బల్లపరుపుగ నలగ్గొట్టిండు, దాని మీద జిగురు చుక్క కూడ పడ్డది. లిక్విడ్‌తో జిగురు తుడిచి, ట్వీజర్ కొసతో స్ప్రింగ్‌ను వెంట్రుకవాసి పైకి లేపి, ఫ్రేమ్ బిగించి మళ్ల మేడ ఎక్కినం. 36, 38, 41. సామాను ఖర్చు సున్న. ఆమె ముఖంలో వచ్చిన నవ్వుకు మజూరి అడిగేందుకు నోరు రాలేదు. అడిగిన అనుకోండి, కొంచెం తగ్గించి.

అందుకే డిస్‌ప్లే గాని, వెనక ప్యానెల్ గాని, బ్యాటరీ గాని మార్పించినంక దుకాణం దాటకముందే ఈ పరీక్ష చేసుకోండి. రిపేర్ చేసినోని ముందరనే. నా దుకాణంలో అయినా సరే.

విప్పకుండ అయ్యే పనులు ముందు చూడండి. రేకు కవర్, అయస్కాంతం ఉన్న పర్సు కవర్, బండి హ్యాండిల్‌కు పెట్టే ఇనుప హోల్డర్ తీసేసి చూడండి. సగం ఫోన్లు దానితోనే బాగైతయి.

ఇంకొకటి, చుక్క కరెక్టుగ ఉండి బాణం మాత్రం ఉల్టా తిరుగుతుంటది. అది జీపీఎస్ తప్పు కాదు. నిలబడ్డకాడ ఏ దిక్కు చూస్తున్నమో చెప్పేది అయస్కాంత సెన్సార్, అది వేరే ముక్క. చవక ఫోన్లలో అసలే పెట్టరు. అట్లాంటి ఫోన్‌కు నాలుగు అడుగులు నడిస్తే తప్ప దిక్కు తెల్వది. సెన్సార్ ఉండి తప్పుగ చూపిస్తుంటే, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె రాసినట్టు నాలుగైదు సార్లు తిప్పండి.

నావిక్, రెండు తరంగాలు

గిరాకీలు ఈ మధ్య “నావిక్ ఉన్నదా అన్నా” అని అడుగుతున్నరు. ఇస్రో మొదటి నావిక్ ఉపగ్రహాన్ని 2013 జులై 1న పంపింది. మొదటి తరం ఉపగ్రహాలు మామూలు ఫోన్లు వినే ఎల్1 తరంగంలో మాట్లాడవు, ఎల్5లోనూ ఎస్ బ్యాండ్‌లోనూ మాట్లాడుతయి. అందుకే చానా ఏండ్లు మన ఫోన్లకు అవి వినపడలేదు. 2020 జనవరిలో క్వాల్‌కామ్ మూడు చిప్‌లకు నావిక్ పట్టే సత్తా ఇచ్చినంక రెడ్‌మీ, రియల్‌మీ ఫోన్లలోకి వచ్చింది. 2023 మే 29న పోయిన ఎన్‌వీఎస్-01 నుంచి ఎల్1 కూడ కలిపిండ్రు. జీపీఎస్‌టెస్ట్ పట్టికలో మూడు రంగుల జెండా కనపడితే మీ ఫోన్‌కు నావిక్ వినపడుతున్నట్టు. ఇది జీపీఎస్‌కు తోడు, బదులు కాదు. నావిక్ లేదని ఉన్న ఫోన్ అమ్ముకోవాల్సిన పని లేదు.

డబ్బులు పెట్టదలిస్తే ఎల్1తో పాటు ఎల్5 కూడ పట్టే ఫోన్ తీసుకోండి. అట్లాంటి మొదటి ఫోన్ 2018లో వచ్చిన షావోమీ ఎంఐ 8. గోడలకు, లోయలకు తాకి మర్లివచ్చే సిగ్నల్‌ను ఇది బాగ ఏరిపారేస్తది. సలేశ్వరం అసొంటి ఇరుకు లోయలో ఆ తేడా కండ్లకు కనపడుతది. చుక్క రాతిగోడ మీదికి ఎక్కకుండ బాట మీదనే ఉంటది.

భూమి కొలిచే యాప్‌ల గురించి కూడ ఒక్క మాట. ఆరుబయట మంచి ఫోన్ అయినా మూడు నుంచి ఐదు మీటర్లు అటిటు అయితది. ఒక గుంట అంటే 33 అడుగులు, 33 అడుగుల చదరం, పక్కకు పది మీటర్లు. నాలుగు మీటర్లు తప్పే చుక్కతోని గుంట పంచాయితీ తేలది. గట్టు కాడ ఫోన్ పట్టుకొని అన్నదమ్ములు కొట్లాడుకోవద్దు, సర్వేయర్‌ను పిలిపించుకోండి.

మ్యాప్ వేరు, జీపీఎస్ వేరు అని కూడ యాదికుంచుకోండి. జీపీఎస్ ఇచ్చేది రెండు అంకెలే. వాటి కింద రోడ్లు, వాగులు కనపడాలంటే మ్యాప్ ముందుగాలనే దించుకోవాలె. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవచ్చు. అడవి బాటలకైతే నాకు ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎంఅండ్ మంచిగ అనిపించినయి. బాట చూపిస్తున్నదని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఇష్టమొచ్చిన దిక్కు పోవద్దు, ఫారెస్టోళ్లు వదిలిన తొవ్వలోనే నడవాలె.

ఈ ఏడు జాతరకు నాలుగు రోజుల ముందే మా బామ్మర్ది తన ఫోన్ పట్టుకొని వచ్చిండు. సిమ్ పిన్ను వాడే అడిగి తీసుకున్నడు. మేడ మీద నా పక్కన నిలబడి “యూ” ఎన్ని పడ్డయో పైకి లెక్కబెట్టిండు. పన్నెండు దాక వచ్చినంక గని కిందికి దిగలేదు.

ఇప్పుడు దుకాణంలో అమ్మే ప్రతి సెకండ్ హ్యాండ్ ఫోన్ వెనక చిన్న చీటీ అంటిస్తున్న: ఎన్ని ఉపగ్రహాలు, ఎన్ని సెకండ్లు. ఆ ట్యాబ్ మా బిడ్డ పాఠాలు వినేందుకు ఇంట్లో పెట్టుకున్న. దాని వెనక చీటీ మాత్రం మా బామ్మర్దే రాసి అంటించిండు: “దుకాణం దాటదు.”